పాత అమిగాకి ట్రూ కలర్ గ్రాఫిక్స్ కార్డు: తరచుగా అడిగే ప్రశ్నలు

జర్మనీలో ఉద్యోగం చేసిన రోజుల్లో కొన్న అమిగా 2000 (కమొడోర్ సంస్థ చేసిన పాత ఇంటి కంప్యూటర్) ఇప్పుడు హైదరాబాద్‌లో మా ఇంట్లో ఉంది. దాంట్లో పికాసో 2 అనే గ్రాఫిక్స్ కార్డు వేసుకున్నప్పటి నుంచి ఎవరో ఒకరు ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నారు. బ్రిటన్ నుంచో జర్మనీ నుంచో యంత్రం తెచ్చుకున్నవాళ్లు కొందరు, అమెరికాలోనే ఉంటూ అటక మీది పెట్టె కిందికి దించినవాళ్లు కొందరు. వాళ్లకి విడివిడిగా చెప్పిన జవాబులన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

ముందుగా ఒక మాట. కార్డు పేరుతో వెతుకులాట మొదలుపెట్టకండి. మీ యంత్రంలో కార్డు గుచ్చే స్లాట్ ఏది ఉంది, మీ బల్ల మీద ఏ మానిటర్ ఉంది, ఈ రెండూ తేల్చుకోండి. ఆ తర్వాత కార్డు సంగతి దానంతటదే తేలిపోతుంది. డబ్బు పోగొట్టుకున్నవాళ్లలో చాలామంది ఈ వరస తిరగేసినవాళ్లే.

అమిగాలో 4096 రంగులు ఎప్పుడో ఉన్నాయి కదా? ట్రూ కలర్‌తో కొత్తగా వచ్చేదేమిటి?

1985లో వచ్చిన అమిగా 1000 ఒకేసారి 4096 రంగులు చూపించిన మాట నిజమే. ఆ కాలానికి అది మామూలు విషయం కాదు. కానీ ఆ 4096 రంగులూ హామ్ అనే పద్ధతిలోనే వస్తాయి. అది ఎలా పనిచేస్తుందో తెలిస్తే కార్డు ఎందుకు కావాలో అర్థమవుతుంది.

హామ్‌లో ప్రతి చుక్కకీ రెండే దారులు. ముందే ఎంచిపెట్టిన 16 రంగుల్లో ఒకటి తీసుకోవాలి, లేదా ఎడమ పక్క చుక్క రంగునే తీసుకుని అందులో ఎరుపు, ఆకుపచ్చ, నీలాల్లో ఒక్కదాన్ని మాత్రమే మార్చుకోవాలి. మా అమ్మ ఫొటో ఒకటి స్కాన్ చేసి అమిగాలో చూశాను. నుదుట కుంకుమ బొట్టు ఉంటుంది. సున్నా నుంచి 15 దాకా ఉండే లెక్కలో, చర్మం రంగులో ఎరుపు 13, ఆకుపచ్చ 9, నీలం 7 అనుకోండి. బొట్టులో ఎరుపు 11, ఆకుపచ్చ 1, నీలం 2. చర్మం నుంచి బొట్టులోకి అడుగుపెట్టాలంటే మూడూ మారాలి. ఒక్కో చుక్కకి ఒక్కటే మారుతుంది కాబట్టి అసలు ఎరుపు రావడానికి మూడు చుక్కలు పడుతుంది. ఈలోగా ఎడమ అంచున ఎక్కడా లేని ముదురు గులాబీ గీత ఒకటి పడుతుంది. కుడి అంచు దాటేటప్పుడు అదే గొడవ తిరగబడి, చర్మం మీద ఆవపిండి రంగు చార కనిపిస్తుంది. బొట్టు రంగును ఆ 16లో ఒకటిగా పెట్టుకోవచ్చు కదా అంటారా, పెట్టుకోవచ్చు. కానీ పట్టుచీర, అంచు, జడలో కనకాంబరాలు, వెనక గోడ అన్నీ ఆ పదహారులోనే సర్దుకోవాలి మరి.

ట్రూ కలర్‌లో ఈ ఇరుకు ఉండదు. ప్రతి చుక్కకీ ఎరుపుకి 8 బిట్లు, ఆకుపచ్చకి 8, నీలానికి 8. మొత్తం 24. అంటే 1,67,77,216 రంగుల్లో ఏ చుక్కకి ఏది కావాలంటే అది, పక్క చుక్కతో పనిలేకుండా. అదే ఫొటో కార్డు మీద చూసినప్పుడు బొట్టు గుండ్రంగా, శుభ్రంగా కనిపించింది. నేను ఈ పనికి పూనుకున్నది ఆ ఒక్క ఫొటో కోసమే.

మాది అమిగా 1200. కోటీ అరవై ఏడు లక్షల రంగులు అని పెట్టె మీదే ఉందండీ. ఇంకా కార్డు అవసరమా?

1992లో 1200, 4000లతో వచ్చిన ఏజీఏ అనే గ్రాఫిక్స్ చిప్‌ల గురించి ఆ మాట. అది పాలెట్ సంఖ్య. ఎంచుకోవడానికి అన్ని రంగులున్నాయి, కానీ ఒక తెర మీద మామూలుగా వాడగలిగేవి 256. చీరల కొట్టులో వెయ్యి చీరలున్నా ముందు పరిచినవి నాలుగే అన్నట్టు. హామ్‌కే మెరుగైన రూపం హామ్8, ఆ పద్ధతిలో ఈ లెక్క 2,62,144 దాకా వెళ్తుంది. ఫొటోలకి చాలా బాగుంటుంది కూడా. పైన చెప్పిన అంచుల గొడవ బాగా తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఫొటోలు చూసుకోవడం ఒక్కటే మీ అవసరమైతే ముందు హామ్8 చూసి, అది చాలకపోతేనే కార్డు దాకా రండి.

సరే, కార్డు కావాలి. ఎక్కడ మొదలుపెట్టాలి?

యంత్రం మూత తీసి స్లాట్లు చూడండి.

అమిగాలో అదనపు కార్డులు గుచ్చే స్లాట్లకి జోర్రో అని పేరు. అమిగా 2000లో జోర్రో 2 స్లాట్లు ఐదు ఉంటాయి. 3000లోనూ, 4000లోనూ జోర్రో 3 స్లాట్లు నాలుగు చొప్పున. జోర్రో 3 స్లాట్లో జోర్రో 2 కార్డు పెట్టొచ్చు, పనిచేస్తుంది. జోర్రో 3 కోసమే చేసిన కార్డు 2000లో పనిచేయదు. ఇవి కాక వీడియో స్లాట్ అని ఇంకొకటి ఉంటుంది, దాని సంగతి కింద వస్తుంది.

500, 600, 1200లలో జోర్రో స్లాట్లు లేవు. అందుకే ఈబేలో పికాసో కార్డు కనిపించగానే అమిగా 500 కోసం కొనేయకండి. దాన్ని గుచ్చడానికి మీ దగ్గర చోటు ఉండదు.

మరి 500, 600, 1200 ఉన్నవాళ్ల గతి ఏమిటి?

ఈ మధ్య వాళ్ల పరిస్థితే బాగుంది.

1990లలో 500కి, మానిటర్‌కి వెళ్లే ఆర్‌జీబీ పోర్టులో తగిలించే పెట్టెలు వచ్చాయి. డిజిటల్ క్రియేషన్స్ వాళ్ల డీసీటీవీ, బ్లాక్ బెల్ట్ వాళ్ల హామ్-ఈ లాంటివి. అమిగా పంపే మామూలు బొమ్మలోనే అదనపు రంగుల సమాచారాన్ని దాచి పంపిస్తే, ఈ పెట్టె దాన్ని విప్పి చూపిస్తుంది. ఎంతో తెలివైన ఆలోచన. కానీ ఇవి తమ సొంత సాఫ్ట్‌వేర్‌తో బొమ్మలు వేయడానికీ చూడడానికే. అమిగా డెస్క్‌టాప్ అయిన వర్క్‌బెంచ్ మొత్తాన్ని ఆ రంగుల్లోకి మార్చలేవు.

ఇప్పుడైతే పైస్టార్మ్ ఉంది. 500లో 68000 ప్రాసెసర్ తీసేసి ఆ సాకెట్లో దీన్ని కూర్చోబెట్టి, దాని మీద రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బిగిస్తారు. ప్రాసెసర్ పని ఆ చిన్న కంప్యూటరే చేస్తుంది, ట్రూ కలర్ తెర దాని హెచ్‌డీఎంఐ పోర్టు నుంచి వస్తుంది. 1200కి పైస్టార్మ్32-లైట్ అని విడిగా ఉంది, అది కింది ట్రాప్‌డోర్‌లో కూర్చుంటుంది. ఒక్క విషయం మర్చిపోకండి: పాత చిప్‌లు గీసే తెర ఎప్పటిలాగే పాత ఆర్‌జీబీ పోర్టు నుంచే వస్తుంది. ఆటకి ఒక కేబుల్, వర్క్‌బెంచ్‌కి ఒక కేబుల్. రెండు ఇన్‌పుట్‌లున్న మానిటర్ అయితే సుఖం.

వాంపైర్ అనే యాక్సెలరేటర్లూ (వేగం పెంచే ప్రాసెసర్ కార్డులు) ఉన్నాయి. వాటిలోనూ హెచ్‌డీఎంఐ, ట్రూ కలర్ రెండూ ఉంటాయి. 1200 కోసం బ్లిజార్డ్‌పీపీసీ అనే యాక్సెలరేటర్ మీద తగిలే బీవిజన్ కార్డు 1990ల చివర్లో వచ్చింది. అది తోడు యాక్సెలరేటర్ లేకుండా ఎందుకూ పనికిరాదు. బీవిజన్ ఒక్కటే చవగ్గా దొరికిందని ఎవరైనా అంటే ముందు ఆ సంగతి గుర్తుచేయండి.

పెద్ద యంత్రాలకి ఏ కార్డులు చూడొచ్చు?

నేను వాడినవి కొన్ని, మిత్రుల ఇళ్లలో దగ్గరగా చూసినవి కొన్ని. నా అభిప్రాయాలు దాచుకోకుండా చెబుతాను.

పికాసో 2. జర్మనీలోని విలేజ్ ట్రానిక్ 1993లో తెచ్చిన జోర్రో 2 కార్డు. సిరస్ లాజిక్ చిప్, 1 లేదా 2 ఎంబీ మెమరీ. అమిగా 2000 ఉన్నవాళ్లకి నేను మొదట చెప్పే పేరు ఇదే. చాలా అమ్ముడైంది కాబట్టి డ్రైవర్లు నలిగి నలిగి గట్టిపడ్డాయి. ఏ సమస్య వచ్చినా ఇంతకుముందు ఎవరికో ఒకరికి వచ్చే ఉంటుంది.

పికాసో 4. అదే సంస్థ 1996లో తెచ్చింది. 4 ఎంబీ మెమరీ, జోర్రో 2లోనూ 3లోనూ నడుస్తుంది. అన్నిటికీ మించి, పాత అమిగా తెరను వీజీఏ మానిటర్‌కి తగ్గట్టు మార్చే ఫ్లికర్ ఫిక్సర్ ఇందులోనే ఉంది. ఒక మానిటర్, ఒక కేబుల్, అంతే. ఆనాటి కార్డుల్లో ఇంత పూర్తిగా ఆలోచించి చేసినది ఇంకోటి లేదని నా నమ్మకం. ఆ సంగతి అమ్మేవాళ్లకీ తెలుసు. ధర యంత్రం ధరను మించిపోవడం మామూలే.

సైబర్‌విజన్ 64. ఫేజ్5 వాళ్లది, 1995. ఎస్3 ట్రయో64 చిప్. జోర్రో 3 మాత్రమే, అంటే 3000, 4000లకే. వేగంగా ఉంటుంది. దీని తర్వాత వచ్చిన సైబర్‌విజన్ 64/3డీ రెండు రకాల జోర్రోల్లోనూ పనిచేస్తుంది. పేరులో 3డీ ఉందని ఆశపడి కొనకండి. వర్క్‌బెంచ్‌కి మంచి కార్డు, అందుకోసం కొనండి.

పికోలో, జీవీపీ స్పెక్ట్రమ్. ఇవి కూడా సిరస్ లాజిక్ చిప్‌ల మీదే నడిచేవి. సరైన ధరకి దొరికితే సంకోచం లేకుండా తీసుకోవచ్చు. మాక్రోసిస్టమ్ వాళ్ల రెటీనా, ఇంకా మెర్లిన్ లాంటివి మొదటిసారి కార్డు వేసుకునేవాళ్లకి నేను చెప్పను. కార్డులు మంచివే, కానీ ఇరుక్కుపోతే పక్కన నిలబడి చెప్పేవాళ్లు తక్కువ.

ప్రకటనలో "24 బిట్ కార్డు" అని ఉంది. కొనేయొచ్చా?

ఆగండి. 24 బిట్ అని రాసున్నవన్నీ ఒక జాతి కావు.

ఓపల్‌విజన్, ఫైర్‌క్రాకర్ 24 లాంటివి ఫ్రేమ్ బఫర్లు. ఒక బొమ్మను నిజమైన 24 బిట్లలో పట్టి చూపిస్తాయి. వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకి, త్రీడీ బొమ్మలు రెండర్ చేసేవాళ్లకి ఆరోజుల్లో ఇవి బంగారం. కానీ మీ వర్క్‌బెంచ్ కిటికీలు, మీ బ్రౌజర్, మీ టెక్స్ట్ ఎడిటర్ వీటి మీద తెరుచుకోవు. మనం వెతికేది ఆర్‌టీజీ కార్డు. అంటే ఆపరేటింగ్ సిస్టమ్ తన తెరలను పాత చిప్‌ల మీద కాకుండా నేరుగా ఈ కార్డు మీదే తెరిచే ఏర్పాటు. అమ్మేవాళ్లను ఒకే ప్రశ్న అడగండి: పికాసో96 గానీ సైబర్‌గ్రాఫిక్స్ గానీ (ఆర్‌టీజీ కార్డులను నడిపే సాఫ్ట్‌వేర్లు) దీన్ని గుర్తుపడతాయా? అవును అంటే ముందుకు వెళ్లండి.

ఇంకో ఉచ్చు. కమొడోర్ సొంతంగా తెచ్చిన ఏ2410 అనే కార్డు గురించి 1.67 కోట్ల రంగులు అని కనిపిస్తుంది. అది కూడా పాలెట్ సంఖ్యే. తెర మీద ఒకేసారి వచ్చేవి 256. అమిగా యూనిక్స్ నడుపుకునేవాళ్లు దాన్ని ఏరికోరి కొంటారు. ట్రూ కలర్ కోసం వచ్చిన మనకి అది పనికిరాదు.

మెమరీ 1 ఎంబీ చాలా, 2 ఎంబీ కావాలా?

ఇది గుణకారం, అంతకన్నా ఏమీ లేదు. ట్రూ కలర్‌లో చుక్కకి 3 బైట్లు. 640 × 480 × 3 అంటే 9,21,600 బైట్లు. 1 ఎంబీ అంటే 10,48,576 బైట్లు. పడుతుంది. 800 × 600 × 3 అంటే 14,40,000. 1 ఎంబీలో పట్టదు, 2 ఎంబీ కావాలి.

ఈ గుణకారం ముందే చేసుకోకపోవడం వల్ల నాకు రెండు సాయంత్రాలు పోయాయి. నా పికాసో 2ను 2 ఎంబీ అని చెప్పి అమ్మారు. 640 × 480 వస్తోంది, 800 × 600లో మాత్రం ట్రూ కలర్ జాబితాలోనే లేదు. డ్రైవర్ తీసి మళ్లీ పెట్టాను, సెట్టింగులన్నీ చెరిపి కొత్తగా రాశాను. చివరికి కార్డు బయటికి లాగి టేబుల్ ల్యాంప్ కింద పెట్టి చూస్తే మెమరీ చిప్‌ల కోసం వదిలిన చోట్లలో సగం ఖాళీ. అమ్మినాయనకి ఫొటో పంపితే, ఆయనకీ తెలియదట, కొంత డబ్బు వెనక్కి ఇచ్చారు. అప్పటి నుంచి కార్డు రెండు వైపులా ఫొటోలు చూడకుండా నేను ఎవరికీ డబ్బు పంపలేదు.

అమిగా 2000లో ఇంకో మెమరీ తగాదా ఉంది. జోర్రో 2 కార్డులన్నీ పంచుకునే చోటు మొత్తం 8 ఎంబీ. మీ యంత్రంలో ఇప్పటికే జోర్రో 2 ఫాస్ట్ ర్యామ్ 8 ఎంబీ నిండా ఉంటే, కార్డుకి కావలసిన 2 ఎంబీ ఎక్కడి నుంచి వస్తుంది? పికాసో 2లో దీనికోసమే ఒక జంపర్ ఉంది. మెమరీని ముక్కలుగా చూపించే సెగ్మెంటెడ్ పద్ధతిలోకి మారిస్తే అంత చోటు అడగదు, కాస్త వేగం తగ్గుతుంది. ప్రాసెసర్ కార్డు మీదే 32 బిట్ ర్యామ్ ఉన్న యాక్సెలరేటర్ ఉంటే జోర్రో ర్యామ్ తీసేయడం ఇంకా మంచిది.

మానిటర్ ఏది పెట్టుకోవాలి?

ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

పాత అమిగా తెర టీవీ లెక్కన తయారైంది. గీతలు సెకనుకి సుమారు 15,600, అంటే 15 కిలోహెర్ట్జ్ పైచిలుకు. గ్రాఫిక్స్ కార్డు ఇచ్చేది వీజీఏ తెర, 31 కిలోహెర్ట్జ్‌తో మొదలై పైకి వెళ్తుంది. కమొడోర్ 1084 మానిటర్ మొదటిది మాత్రమే చూపిస్తుంది. ఇప్పటి ఎల్‌సీడీలలో ఎక్కువ భాగం రెండోది మాత్రమే చూపిస్తాయి. కార్డు వేశాక మీ యంత్రం ఒక్కోసారి ఒకటి, ఒక్కోసారి ఇంకోటి పంపిస్తుంది. వర్క్‌బెంచ్ కార్డు మీద, ఆట పాత చిప్‌ల మీద.

దీనికి మూడు దారులు. రెండు మానిటర్లు పెట్టుకోవడం తేలిక, బల్ల మీద చోటుండాలి అంతే. రెండు వేగాలూ అందుకునే పాత మల్టీసింక్ మానిటర్ వెతుక్కోవడం రెండోది. ఫ్లికర్ ఫిక్సర్ పెట్టి పాత తెరను కూడా 31 కిలోహెర్ట్జ్‌కి మార్చుకోవడం మూడోది. అమిగా 3000లో ఈ పని చేసే చిప్ బోర్డు మీదే ఉంది, వెనక వీజీఏ పోర్టు కూడా ఉంది. 2000కి కమొడోర్ ఏ2320 అనే కార్డు చేసింది, వీడియో స్లాట్లో పెడతారు.

పికాసో 2లో అమిగా ఆర్‌జీబీ పోర్టు నుంచి కార్డుకి ఒక చిన్న కేబుల్ వస్తుంది, కార్డు నుంచి మానిటర్‌కి ఒకటి వెళ్తుంది. ఏ తెర ముందుంటే దాన్ని కార్డే మానిటర్‌కి కలుపుతుంది. కలిపేటప్పుడు లోపల రిలే టక్కుమంటుంది. ఒక తెర నుంచి ఇంకో తెరకి మారిన ప్రతిసారీ ఆ చప్పుడు వినిపిస్తుంది. తెర నల్లగా ఉన్నా రిలే చప్పుడు వినిపించిందంటే కార్డు బతికే ఉంది, తప్పు మానిటర్ వైపు వెతకాలి. ఆ చిన్న కేబుల్‌కి అమిగా వైపు ఉండేది 23 పిన్నుల ప్లగ్గు. అది ఇప్పుడు బయట దొరకడం కష్టం. కార్డుతో పాటు కేబుల్ వస్తుందా అని తప్పకుండా అడగండి.

సాఫ్ట్‌వేర్ ఏం వేయాలి?

పికాసో96, సైబర్‌గ్రాఫిక్స్. రెండిట్లో ఒక్కటే వేయండి, రెండూ కలిపి వేయకండి. నేను పికాసో96 వైపు. పాత 2.0 వెర్షన్ అమిగా సాఫ్ట్‌వేర్లు దొరికే ఆమినెట్ సైట్‌లో ఉంది. కొత్త వెర్షన్లు పీ96 పేరుతో ఇండివిడ్యువల్ కంప్యూటర్స్ వాళ్లు అమ్ముతున్నారు. ఇప్పటి కార్డులకైతే కొత్తదే కొనుక్కోండి. ప్రాసెసర్ కనీసం 68020 ఉండాలి. అంటే 2000లో పుట్టుకతో వచ్చిన 68000తో కాదు, యాక్సెలరేటర్ కావాలి. చాలామంది లెక్కలో వేసుకోని ఖర్చు ఇది.

వేశాక పికాసో96మోడ్ అనే ప్రోగ్రాంలో మీ మానిటర్ తట్టుకునే మోడ్‌లు మాత్రమే ఉంచుకుని మిగతావి తీసేయండి. తర్వాత వర్క్‌బెంచ్‌లో, తెర మోడ్ ఎంచుకునే స్క్రీన్‌మోడ్ తెరిస్తే కొత్తవి కనిపిస్తాయి. 16 బిట్ మోడ్ కూడా ఒకటి ఉంచుకోండి. 65,536 రంగులు, బరువు మూడింట రెండు వంతులు. రోజువారీ పనికి నేను వాడేది అదే.

కార్డు పెట్టాను, స్క్రీన్‌మోడ్‌లో ఏమీ కొత్తగా రాలేదు.

ముందు అమిగాతో వచ్చే షోకన్ఫిగ్ అనే ప్రోగ్రాం నడపండి. యంత్రం గుర్తుపట్టిన కార్డులన్నిటినీ తయారీదారు సంఖ్యతో సహా చూపిస్తుంది. విలేజ్ ట్రానిక్ సంఖ్య 2167, ఫేజ్5ది 8512. ఆ సంఖ్య కనిపిస్తే కార్డు బాగానే కూర్చుంది, తప్పు డ్రైవర్‌లో ఉంది. డెవ్స్ డ్రాయర్‌లోని మానిటర్స్‌లో మీ కార్డు ఐకాన్ ఉందో లేదో, దాని టూల్‌టైప్‌లో (ఐకాన్‌లో రాసుండే సెట్టింగు) బోర్డు పేరు సరిగ్గా ఉందో లేదో చూడండి.

ఆ సంఖ్యే కనిపించకపోతే యంత్రం ఆపి, ప్లగ్గు పీకి, కార్డు తీయండి. అంచున ఉండే బంగారు రంగు పట్టీలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడవండి. వేరే స్లాట్లో గట్టిగా, రెండు చివరలూ సమానంగా దిగేలా కూర్చోబెట్టండి. మిగతా జోర్రో కార్డులన్నీ తీసేసి ఇది ఒక్కటే పెట్టి చూడండి. నా దగ్గరికి వచ్చిన "చచ్చిపోయిన" కార్డులు మూడిట్లో రెండు తుడవగానే లేచి కూర్చున్నాయి.

పాత ఆటలు కూడా అందంగా మారతాయా?

మారవు. ఆ ఆటలు నేరుగా అమిగా సొంత చిప్‌లతో మాట్లాడతాయి, ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడగవు. కార్డు ఉన్న సంగతి కూడా వాటికి తెలియదు. ఎప్పటిలాగే పాత తెర మీద వస్తాయి, వచ్చి తీరాలి కూడా. వాటి అందం అక్కడే ఉంది. 1990ల చివర్లో పీసీ నుంచి వచ్చిన ఆటలు, డూమ్ పోర్టుల లాంటివి, కార్డు మీద బాగా నడుస్తాయి. బొమ్మలు వేసే పనికైతే టీవీపెయింట్, ఇమేజ్ఎఫ్ఎక్స్, పర్సనల్ పెయింట్ చూడండి.

తెర నెమ్మదిగా గీస్తోంది. కార్డు పాడైందా?

చాలావరకు కాదు. జోర్రో 2 దారి ఎంత బాగా నడిచినా సెకనుకి 3.5 ఎంబీ దరిదాపుల్లోనే మోయగలదు. 640 × 480 ట్రూ కలర్ తెర నిండడానికి 0.9 ఎంబీ. అంటే తెర మొత్తం మార్చాలంటే పావు సెకను. ఫొటో చూడడానికి ఫర్వాలేదు, వీడియో ఆడించడానికి చాలదు. కిటికీని అటూ ఇటూ జరిపితే మాత్రం చురుగ్గా ఉంటుంది, ఎందుకంటే ఆ పని కార్డు మీది చిప్ తన మెమరీలో తానే చేసుకుంటుంది, జోర్రో దాకా రానక్కర్లేదు. వేగం ముఖ్యమైతే రంగులు 16 బిట్‌కి తగ్గించండి, లేదా జోర్రో 3 ఉన్న 3000, 4000 వైపు చూడండి.

ఇప్పుడు కొత్తగా తయారవుతున్న కార్డులు ఏవీ లేవా?

ఉన్నాయి. బెర్లిన్‌లోని ఎంఎన్‌టీ రీసెర్చ్ వాళ్ల జెడ్‌జెడ్9000 జోర్రో 2, 3 రెండిట్లోనూ నడుస్తుంది. హెచ్‌డీఎంఐ ద్వారా 1920 × 1080 దాకా చూపిస్తుంది. వీడియో స్లాట్‌కి వేసే చిన్న తోడు కార్డుతో పాత అమిగా తెర కూడా అదే హెచ్‌డీఎంఐ మీదికి వస్తుంది. దాంతో మానిటర్ గొడవ మొత్తం తీరిపోతుంది. నెట్‌వర్క్ పోర్టు కూడా ఉంది. ముప్ఫై ఏళ్ల కిందటి కార్డు కోసం నెలల తరబడి వేలంపాటల్లో వేచి చూసే బదులు, పెద్ద అమిగా ఉన్నవాళ్లు దీని గురించి ముందు ఆలోచించాలి. పాత కార్డు మీద మమకారం ఉన్నవాళ్ల సంగతి వేరు, నేనూ అందులో ఒకణ్ని.

4000, 1200లకి ఎల్‌బాక్స్ వాళ్ల మీడియేటర్ అనే పీసీఐ బోర్డులు ఉన్నాయి. వాటిలో వూడూ 3, రేడియాన్ 9250 లాంటి మామూలు పీసీ కార్డులు పెట్టొచ్చు. ఆ కార్డులు సికింద్రాబాద్ సీటీసీ లాంటి చోట పాత సామాను అమ్మేవాళ్లను అడిగి చూడొచ్చు. మీడియేటర్ బోర్డు మాత్రం యూరప్ నుంచి రావాల్సిందే.

కార్డు కొనేముందు యంత్రానికి ఏమైనా చేయించాలా?

చేయించాలి. ఇది కార్డు కన్నా ముఖ్యం.

2000, 3000, 4000లలో గడియారం కోసం బోర్డు మీద చిన్న పీపా ఆకారపు నికెల్ కాడ్మియం బ్యాటరీ ఉంటుంది. ఇన్నేళ్లలో అది కారకుండా ఉండడం అరుదు. కారిన రసం రాగి గీతలను తినేస్తుంది. 2000లో ఆ బ్యాటరీ ప్రాసెసర్‌కి దగ్గర్లోనే ఉంటుంది. మూత తీసి చూసినప్పుడు బ్యాటరీ చుట్టూ ఆకుపచ్చ పొడి, పక్క చిప్‌ల కాళ్ల మీద మసక కనిపిస్తే యంత్రాన్ని ఇక ఆన్ చేయకండి. బ్యాటరీని కత్తిరించి తీసేయండి. ఆ రసం క్షారం కాబట్టి తెల్ల వెనిగర్ కొద్దిగా దూదితో అద్ది, తర్వాత శుభ్రంగా తుడిచి, ఆల్కహాల్‌తో కడిగి, బాగా ఆరనివ్వండి.

600, 1200, 4000లలో బోర్డుకి అతుక్కుని ఉండే చిన్న కెపాసిటర్లు కారతాయి. చేపల వాసన లాంటిది వస్తే అవేనని అర్థం. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి కోఠి గుజరాతీ గల్లీలో కావలసిన కెపాసిటర్లు దొరుకుతాయి. విలువ, వోల్టేజీ కాగితం మీద రాసుకుని వెళ్లండి. మొబైల్ బోర్డులు బాగుచేసే అనుభవం ఉన్న మనిషి చేత మార్పించండి. మామూలు సోల్డరింగ్ ఐరన్‌తో లాగితే రాగి పట్టీ కూడా ఊడి వచ్చేస్తుంది.

విదేశాల నుంచి ఇండియాకి తెచ్చుకోవడం ఎలా?

యంత్రమైతే యూరప్‌దే తెచ్చుకోండి. అక్కడ కరెంటు మన దగ్గరలాగే 230 వోల్టులు, 50 హెర్ట్జ్, టీవీ పద్ధతి కూడా మనలాగే పాల్. అమెరికా యంత్రానికి 115 వోల్టుల పవర్ సప్లై ఉంటుంది. అది నేరుగా మన ప్లగ్గులో పెడితే కాలిపోతుంది. కార్డుకి ఈ తేడా ఏమీ లేదు, అమెరికాలో కొన్నదైనా ఇక్కడి యంత్రంలో నడుస్తుంది.

వాడేసిన కంప్యూటర్ల దిగుమతి మీద మన దేశంలో ఆంక్షలున్నాయి. మొత్తం యంత్రం కొరియర్లో వేయించే ముందు కస్టమ్స్ నిబంధనలు కనుక్కోండి. విడి కార్డు అయితే యాంటీస్టాటిక్ సంచిలో పెట్టి, దాని చుట్టూ బబుల్ షీటు చుట్టి, గట్టి అట్టపెట్టెలో పంపమని అమ్మేవాళ్లకి ముందే రాయండి. కార్డు పొడవుగా ఉంటుంది, మెత్తటి కవర్లో వేస్తే దారిలో వంగుతుంది.

మా దగ్గర జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్, అటారీ కంప్యూటర్లు ఉన్నాయి. వాటికీ ఇలాంటి కార్డులు దొరుకుతాయా?

జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్‌కి దొరకవు. దాని తెర మొత్తం 6,912 బైట్లు, ఎనిమిదికి ఎనిమిది చుక్కల గడిలో రెండే రంగులు. దాన్ని దానిలాగే చూసుకోవాలి. అటారీ ఫాల్కన్ 1992లోనే, అటారీ వాళ్లు ట్రూ కలర్ అని పిలిచిన 16 బిట్ రంగులతో వచ్చింది, మీ దగ్గర ఉన్నది అదైతే మీకు కార్డుతో పనిలేదు.

ఇంత ఖర్చు పెట్టేముందు ఒకసారి రుచి చూసే దారి ఉందా?

ఉంది, అందరికీ నేను మొదట చెప్పేది కూడా అదే. పీసీలో విన్‌యూఏఈ వేసుకోండి, అది పీసీనే అమిగాలా నడిపించే ఎమ్యులేటర్. అందులో మామూలు ఆర్‌టీజీయే కాదు, పికాసో 2, పికాసో 4, సైబర్‌విజన్ లాంటి అసలు కార్డులను కూడా ఎమ్యులేట్ చేస్తారు. మీరు కొనాలనుకున్న కార్డే ఎంచుకుని, మీ యంత్రంలో ఉన్న ప్రాసెసర్, ఉన్నంత మెమరీయే పెట్టి, పికాసో96 వేసి, స్క్రీన్‌మోడ్ దాకా వెళ్లండి. కార్డు మెమరీ 1 ఎంబీ పెట్టి ఒకసారి, 2 ఎంబీ పెట్టి ఒకసారి మోడ్‌ల జాబితా చూడండి. తర్వాత మీ ఇంట్లోవాళ్ల ఫొటో ఒకటి హామ్‌లోకి మార్చి, అదే ఫొటో ట్రూ కలర్ తెర మీద తెరిచి, రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. ఆ రెండు బొమ్మల మధ్య తేడా మీ కంటికి ఆనకపోతే కార్డు కొనకండి. ఆనితే, మూత తీసి స్లాట్లు చూడండి.